కొండ కింద కాపురం ఉండేవాడికి ట్రావెల్ కార్డు ఎందుకు?

నా ట్రావెల్ క్రెడిట్ కార్డుకి ఏడాది ఫీజు 10,000 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 11,800 వచ్చే బిల్లులో పడబోతోందని బ్యాంకు మెసేజ్ పెట్టింది. ఉంచుకోవాలా, తీసేయాలా అని ఇంట్లో అప్పట్నుంచీ ఒకటే చర్చ. తీసేయాలన్నది నా పక్షం. కార్డు పేరు ఇక్కడ చెప్పను. నా తగాదా ఆ కార్డుతో కాదు. అది మంచి కార్డే. నేనుండే ఊరికి, నేను బతికే తీరుకి సరిపోదు, అంతే.

బెంగళూరులో ఉద్యోగం చేసే రోజుల్లో తీసుకున్నాను. అప్పట్లో ఆఫీసు పని మీద ఢిల్లీ, ముంబయి తిరగడం మామూలే. టికెట్టు నా కార్డు మీద తీసేవాణ్ణి, కంపెనీ డబ్బులు వెనక్కి ఇచ్చేది, కార్డు వాడినందుకు బ్యాంకు ఇచ్చే పాయింట్లు మాత్రం నాకు మిగిలేవి. తెల్లవారుజామున విమానం ఉంటే, ఎయిర్‌పోర్టులో కార్డు చూపించి ఉచితంగా కూర్చుని తినే గదిలో, అంటే లాంజ్‌లో టిఫిన్ అయిపోయేది. ఆ లెక్కలో ఫీజు పెద్ద భారం అనిపించలేదు. తర్వాత తిరుపతికి వచ్చేశాం. సంసారం మారింది, పని మారింది, కార్డు మాత్రం అలాగే ఉండిపోయింది.

ట్రావెల్ కార్డు అనేది ఇంట్లోంచి బయటికి వెళ్లేవాళ్ల కోసం తయారుచేసిన వస్తువు. మన ఊరి సంగతి వేరు. తిరుపతి గమ్యం. దేశమంతా రైళ్లు, బస్సులు, విమానాలు పట్టుకుని వచ్చి చేరే చోట మనం కాపురం పెట్టాం. మనం చేసే ప్రయాణాల కన్నా మన ఇంటికి వచ్చేవాళ్ల ప్రయాణాలే ఎక్కువ. స్టేషన్‌కి వెళ్లి ఎదురుకోవడం, అలిపిరి దాకా దిగబెట్టడం, దర్శనం అయ్యాక లడ్డూల సంచులతో వచ్చిన పది మందికీ భోజనాలు పెట్టడం. ఇవీ మన ట్రావెల్ ఖర్చులు. వీటికి ఏ బ్యాంకూ పాయింట్లు ఇవ్వదు.

ఈ కార్డుతో కన్సియర్జ్ అని ఒక సేవ కూడా వస్తుంది. ఫోన్ చేసి రెస్టారెంట్లో టేబుల్ కావాలన్నా, పూలు పంపాలన్నా వాళ్లు ఏర్పాటు చేస్తారు. మా ఆవిడ పెదనాన్నగారి కుటుంబం హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు ఆయనకి ఈ సంగతి తెలిసింది. "ఇంత పెద్ద కార్డు పెట్టుకుని దర్శనం టికెట్లు దొరకలేదంటావేమయ్యా అల్లుడూ, చేయి ఫోను!" అని కూర్చున్నారు. చేశాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా అంతా విని, "సర్, దయచేసి టీటీడీ వెబ్‌సైట్‌లో ప్రయత్నించండి" అంది. ఆమె తప్పేం లేదు. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు టీటీడీ నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడుతుంది, క్షణాల్లో అయిపోతాయి. ఆధార్ నంబరు లేకుండా పని జరగదు. ఆ వరసలో ప్లాటినమూ లేదు, మెటల్ కార్డూ లేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో లాంజ్ కూడా లేదు! పెదనాన్నగారు మాత్రం ఆ కార్డు మీద గౌరవం పూర్తిగా వదిలేసుకున్నారు.

ఇక మా సొంత ప్రయాణాలు. హైదరాబాదు వెళ్లాలంటే రాత్రి నారాయణాద్రి ఎక్కితే తెల్లారికి దిగుతాం. పగలు వెళ్లాలనుకుంటే 2023 ఏప్రిల్ నుంచి వందే భారత్ ఉంది. చెన్నై అంటే సప్తగిరి ఎక్స్‌ప్రెస్, లేదా పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా బస్సు. బెంగళూరు అంటే చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు దారిలో ఆర్టీసీ బస్సో కారో. విమానం ఎక్కేది అరుదు. రేణిగుంటలో 2015లో కొత్త టెర్మినల్ వచ్చాక ఎయిర్‌పోర్టు బాగుపడిన మాట నిజమే. అయినా అది ఇంటి నుంచి అరగంట దూరం. ఇంట్లో నాలుగు ఇడ్లీలు తిని బయల్దేరినా టైముకు చేరతాం. లాంజ్‌లో కూర్చోవాల్సినంత వ్యవధి ఉండదు, అవసరమూ ఉండదు.

లాంజ్ అవసరం నిజంగా పడేది చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఎక్కినప్పుడు. దారిలో ట్రాఫిక్ ఎలా ఉంటుందోనన్న టెన్షన్‌తో మనం నాలుగు గంటలు ముందే చేరిపోతాం కదా! అప్పుడు లాంజ్ ఉంటే సుఖమే. కానీ అక్కడికి చేరడానికి టాక్సీకి వేలల్లో పోశాక, లోపల పొంగలీ కాఫీ "ఫ్రీ"గా వచ్చాయని మురిసిపోవడం నాకెందుకో మింగుడుపడదు. పైగా ఈ లాంజ్ సౌకర్యం మునుపటిలా లేదు. హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా కార్డుకి 2023 డిసెంబరు నుంచి త్రైమాసికంలో లక్ష రూపాయలు ఖర్చు పెడితేనే దేశీయ లాంజ్ అన్నారు. ఐసీఐసీఐ చాలా కార్డులకి 2024 ఏప్రిల్ నుంచి ముందు త్రైమాసికంలో 35,000 ఖర్చు షరతు పెట్టింది. బ్యాంకుల వైపు నుంచి చూస్తే సబబే. కార్డు మీద రెండు రూపాయలు గీకి లోపలికి పోయేవాళ్లతో లాంజ్‌లు నిండిపోయి బయట క్యూలు కట్టాల్సి వస్తుంటే ఏం చేస్తారు? కానీ ఏడాదికోసారి విమానం ఎక్కేవాడికి దీనర్థం ఏమిటంటే, ఎక్కబోయే మూడు నెలల ముందు నుంచే ఖర్చు పెంచుకుంటూ రావాలి.

బెంగళూరులో ఉండే మా బావమరిది ఈ విషయంలో నాకు పూర్తిగా ఎదురు పక్షం. "బావా, నువ్వు లాంజ్ దగ్గరే ఆగిపోయావ్. అసలు విలువంతా పాయింట్లలో ఉంది" అంటాడు. ఆ మాటలో నిజం ఉంది కాబట్టి కాసేపు అక్కడ ఆగుదాం.

పాయింటు విలువ దాన్ని ఎక్కడ ఖర్చు పెడతామన్న దాన్ని బట్టి మారుతుంది. హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫీనియా కార్డునే తీసుకోండి. అదే పాయింటు బ్యాంకు వాళ్ల సైటులో విమాన టికెట్టుకి వాడితే రూపాయి, బిల్లులో తగ్గించుకుంటే 30 పైసలు. అంటే విమానం ఎక్కేవాడి రూపాయి, ఎక్కనివాడికి పావలా కన్నా కాస్త ఎక్కువ. యూట్యూబులో "ఐదు శాతం రిటర్న్, పది శాతం రిటర్న్" అని ఊదరగొట్టే లెక్కలన్నీ మొదటి రకానివి. వాటిని చూసి నారాయణాద్రిలో స్లీపర్ బెర్తు మీద పడుకున్నవాడు గంపెడాశ పెట్టుకోకూడదు.

రెండోది, పాయింటు అనేది అవతలివాడు ఎప్పుడైనా మార్చుకోగల మాట. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు దాని మైళ్లు (విమాన సంస్థ ఇచ్చే పాయింట్లు) కూడబెట్టుకున్నవాళ్లకి ఏం మిగిలిందో గుర్తుందా? విస్తారా 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, దాంతో ఆ పేరు మీద ఉన్న కార్డుల కథా మారిపోయింది. యాక్సిస్ మాగ్నస్ కార్డు ఒకప్పుడు నెలకి లక్ష ఖర్చు పెడితే 25,000 పాయింట్లు అదనంగా ఇచ్చేది. 2023 సెప్టెంబరు నుంచి అది ఎత్తేశారు, ఫీజు కూడా పెంచారు. ఎవరూ మోసం చేశారని అనడం లేదు. షరతుల్లో మార్చే హక్కు రాసే ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి దాచుకోవడానికి పాయింట్లు బంగారం కావు, పెరుగు లాంటివి. తాజాగా ఉండగానే వాడేయాలి.

మూడోది మన ఊరి సమస్య. పాయింట్లు రావాలంటే ముందు కార్డు గీకాలి. తిరుపతిలో ఎక్కడ గీకుతాం చెప్పండి? గాంధీ రోడ్డులో ఇత్తడి సామాన్ల కొట్టు నుంచి లీలామహల్ సెంటర్లో టీ బండి దాకా అన్నీ క్యూఆర్ కోడ్లే. 2022 సెప్టెంబరు నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి జోడించి స్కాన్ చేయొచ్చు. నా కార్డు రూపే కాదు, కాబట్టి ఆ దారి లేదు. బంగారం కొట్టుకి పోతే "కార్డయితే రెండు శాతం ఎక్స్‌ట్రా సార్" అంటారు. అలా తీసుకోకూడదని చెప్పినా వినరు, క్యాష్ ధర వేరే చెబుతారు. స్కూలు ఫీజు కార్డుతో కడితే గేట్‌వే ఛార్జీ. పెట్రోలు, అద్దె, వాలెట్ లోడు, ప్రభుత్వ చెల్లింపులు వంటివాటికి చాలా ప్రీమియం కార్డులు పాయింట్లే ఇవ్వవు, కొన్నయితే ఇన్సూరెన్సునీ కరెంటు బిల్లునీ కూడా ఆ జాబితాలో చేర్చేశాయి. ఇవన్నీ తీసేస్తే మధ్యతరగతి ఇంటి ఖర్చులో మిగిలేది ఏముంది? ఆన్‌లైన్ షాపింగూ, సూపర్ మార్కెట్టూ, ఆస్పత్రి బిల్లూ.

ఈ కార్డుకి ఏడాదికి ఎనిమిది లక్షలు ఖర్చు పెడితే ఫీజు మాఫీ. నెలకి అరవై ఆరు వేల పైచిలుకు. పాయింట్లు వచ్చే రకం ఖర్చు మా ఇంట్లో ఏడాదంతా కలిపినా రెండున్నర లక్షలు దాటదు. మాఫీ కోసం లేని ఖర్చు సృష్టించేవాళ్లని చూశాను. మా వీధిలో ఒకాయన మార్చి నెలాఖరున ఫీజు తప్పించుకోవడానికని బాగానే పనిచేస్తున్న ఫ్రిజ్ పక్కన పెట్టి కొత్తది కొన్నాడు. పాత ఫ్రిజ్ ఇప్పుడు మేడ మీద పూజ సామాన్ల బీరువా.

ఇప్పుడు అసలు లెక్క. చాలామంది ఇక్కడే తడబడతారు. కార్డు ఏం ఇచ్చిందని చూస్తారు గానీ, ఫీజు లేని కార్డు కన్నా ఎంత ఎక్కువ ఇచ్చిందని చూడరు. నా కార్డు విమాన టికెట్ల రూపంలో రెండు శాతం దాకా తిరిగి ఇస్తుంది. రెండున్నర లక్షల మీద 5,000. జీవితాంతం ఫీజు లేని మామూలు కార్డు ఒక శాతం ఇస్తుందనుకుందాం, 2,500. అంటే ప్రీమియం కార్డు వల్ల నాకు అదనంగా వచ్చింది 2,500 మాత్రమే. రెన్యువల్ బహుమతిగా 5,000 రూపాయల హోటల్ వోచర్ ఇస్తారు. అది వాడాలంటే 15,000 బిల్లు చేయాలి, నేనెప్పుడూ అంత పెట్టి గది తీసుకోను. తిరుపతిలో పెద్ద హోటళ్లు ఉన్నాయి, కానీ సొంత ఊళ్లో హోటల్ గది ఎందుకు? వచ్చిన చుట్టాల్ని హోటల్లో దింపితే ఊరంతా చెప్పుకుంటారు. పోనీ ఎవరికైనా ఇచ్చేస్తే వచ్చే పుణ్యంతో కలిపి 2,000 వేసుకుంటాను. లాంజ్‌కి ఇంకో 2,000. ఉదారంగా వేసినా అంతా కలిపి 6,500. కట్టేది 11,800. తేడా 5,300 ఎవరి కోసం కడుతున్నట్టు?

ఈ అంకెలు మా నాయనకి చూపించాను. ఆర్టీసీలో రిటైరైన మనిషి, ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపినాయన. కళ్లజోడు పెట్టుకుని కాగితం అటూ ఇటూ తిప్పి, "ఏటా పదకొండు వేల ఎనిమిది నూర్లా? మున్నూర్ల దర్శనం టికెట్లు ముప్పై తొమ్మిది వస్తాయి గదరా!" అన్నాడు. భాగించి చూశాను. కరెక్టుగా ముప్పై తొమ్మిదే, పైన వంద మిగులు.

బావమరిది అంత తేలిగ్గా వదిలే రకం కాదు. చివరి అస్త్రం తీశాడు. మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. వచ్చే ఏడాది అమ్మా నాయనా అమెరికా వెళ్లాలి. "పెద్దోళ్లకి మధ్యలో ఏ దోహాలోనో నాలుగైదు గంటలు ఆగాల్సొస్తే లాంజ్ ఉండొద్దా బావా? అక్కడ ఖర్చు పెట్టినా నీ కార్డుకి ఫారెక్స్ ఛార్జీ తక్కువ గదా?" అన్నాడు.

ఫారెక్స్ సంగతి ముందు తేలుద్దాం. మామూలు కార్డుకి విదేశీ ఖర్చు మీద 3.5 శాతం మార్కప్ (బ్యాంకు వేసే అదనపు ఛార్జీ), దాని మీద జీఎస్టీ, కలిపి 4.13. నా కార్డుకి 2 శాతం, జీఎస్టీతో 2.36. రెండు లక్షల ఖర్చు మీద తేడా 3,540 రూపాయలు. ఇంతవరకు వాడి మాటే నిజం. కానీ ఫెడరల్ బ్యాంకుతో కలిసి వచ్చే స్కాపియా లాంటి కార్డులకి ఏడాది ఫీజు లేదు, మార్కప్పూ లేదు. అలాంటిది ఒకటి తీసుకుంటే నా ప్రీమియం కార్డు రెండు లక్షల మీద 4,720 నష్టమే.

లాంజ్ సంగతి ఇంకొంచెం ఆలోచించాల్సిందే. పెద్దవాళ్లకి సౌఖ్యం అన్నప్పుడు డబ్బు లెక్క వేయడం ఎవరికీ ఇష్టం ఉండదు. నాకూ లేదు. కాకపోతే మన ఊళ్లోంచి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు ఎలా వెళ్తారో తెలిసినవాళ్లకి ఒక సంగతి తెలుసు. ముక్కాలు మువ్వీసం మంది వీల్‌చెయిర్ సాయం పెట్టుకుంటారు. నడవలేక కాదు, ఇంగ్లీషు రాక, గేటు ఎక్కడో తెలియక. టికెట్టు తీసేటప్పుడు అడిగితే విమాన సంస్థ ఉచితంగా ఇచ్చే సాయం అది. వీల్‌చెయిర్ తోసే మనిషి వీళ్లని నేరుగా తీసుకెళ్లి గేటు దగ్గర కూర్చోబెడతాడు. మధ్యలో "అయ్యా, మాకు లాంజ్ ఉంది, అక్కడికి తీసుకుపో" అని అడిగే ధైర్యం మా అమ్మకి లేదు. అడిగినా కార్డు నా పేరు మీదిది, నేను పక్కన ఉండను. ఇంట్లోవాళ్ల పేరు మీద ఇచ్చే యాడ్-ఆన్ కార్డులకి లాంజ్ ఇచ్చేవి కొన్ని ఉన్నాయి, నాది ఇవ్వదు. అంతగా కావాలనుకుంటే డబ్బు కట్టి లోపలికి వెళ్లే లాంజ్‌లు చాలా ఎయిర్‌పోర్టుల్లో ఉన్నాయి, ముందే బుక్ చేసి కాగితం చేతిలో పెట్టొచ్చు. ఏడాదికోసారి అవసరపడే దానికి ఏడాదికోసారి కడితే చాలు.

మా బావమరిది విషయంలో వాడిదే కరెక్టు, ఆ మాట ఒప్పుకుంటాను. నెలకి రెండు మూడుసార్లు విమానం ఎక్కుతాడు, ఆఫీసు ఖర్చంతా ఆ కార్డు మీదే తిప్పుతాడు, ఫీజు మాఫీ అడక్కుండానే అవుతుంది. నేను బెంగళూరులో ఉంటే నేనూ కార్డు తీసేయను. "కార్డు ఉంటే ఒక లెవెల్ బావా" అని చివర్లో అన్నమాట మాత్రం నాకు నచ్చలేదు. లెవెల్ కోసం కట్టే డబ్బుకి ట్రావెల్ అని పేరెందుకు?

ఇక్కడ ఒక హెచ్చరిక. పైన వేసిన లెక్కలన్నీ బిల్లు మొత్తం గడువులోపు కట్టేవాళ్లకే. బాకీ ఉంచితే నెలకి మూడున్నర శాతం దాకా వడ్డీ, అంటే ఏడాదికి 42. ఈ వడ్డీ 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ పెట్టిన హద్దుని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు పాయింట్ల గురించి ఆలోచించడమే వృథా, ముందు బాకీ తీర్చే దారి చూసుకోవాలి.

తీసేస్తే సిబిల్ స్కోరు (లోన్ ఇచ్చే ముందు బ్యాంకులు చూసే మార్కు) పడిపోతుందని మా ఆవిడ భయం. ఆ భయంలో సగం నిజముంది. మూసిన ఖాతా చరిత్ర రిపోర్టులోంచి వెంటనే మాయమైపోదు, ఏళ్ల తరబడి ఉంటుంది. దెబ్బ తగిలేది వాడకం నిష్పత్తి దగ్గర. ఒక కార్డుకి ఐదు లక్షల లిమిట్, ఇంకోదానికి లక్ష ఉన్నాయనుకోండి. నెలకి 60,000 వాడితే మొత్తం లిమిట్‌లో పది శాతం. పెద్ద కార్డు తీసేస్తే అదే 60,000 అరవై శాతమై కూర్చుంటుంది. ముప్పై లోపు ఉంటే మేలని అందరూ చెప్పే మాట. కాబట్టి తిరుచానూరు వైపో రేణిగుంట వైపో ఇల్లు కొనే ఆలోచనలో ఉండి లోన్‌కి అప్లై చేయబోతున్నవాళ్లు ఆ డబ్బు చేతికొచ్చేదాకా కార్డు ముట్టుకోవద్దు. మాకు ఇప్పట్లో లోన్ పని లేదు. అయినా రెండో కార్డు లిమిట్ పెంచమని ముందే అడిగి పెంచుకున్నాను.

మూసేసే పద్ధతి మునుపటంత తలనొప్పి కాదు. రిజర్వ్ బ్యాంకు 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం, బాకీలన్నీ తీర్చాక క్లోజర్ అడిగితే ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకి 500 రూపాయల చొప్పున మనకే ఇవ్వాలి. ఫిర్యాదు చేసి ముప్పై రోజులైనా పరిష్కారం కాకపోతే రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల అధికారి, అంటే అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. ఇది తెలిసి ఫోన్ చేసేవాడి గొంతు వేరుగా ఉంటుంది!

తీసేయమనే ముందు ఫీజు తగ్గిస్తారేమో అడగడంలో తప్పు లేదు. అడిగాను. ముందు "లేదు సర్" అన్నారు. క్లోజ్ చేస్తానంటే ఇంకో డిపార్ట్‌మెంటుకి కలిపారు. అక్కడి అబ్బాయి గొంతులో చక్కెర. సగం ఫీజు మాఫీ అన్నాడు. కుదరదంటే, మూడు నెలల్లో లక్షన్నర ఖర్చు పెడితే మొత్తం మాఫీ అన్నాడు. మా మేడ మీద ఫ్రిజ్‌లకి చోటు లేదని చెప్పాలనిపించింది. అదే ఖాతాని ఫీజు లేని కార్డుగా మార్చగలరా అంటే మా దగ్గర ఆ వీలు లేదన్నాడు. కొన్ని బ్యాంకులు మారుస్తాయి. అలా మారిస్తే లిమిటూ పాత చరిత్రా రెండూ నిలుస్తాయి కాబట్టి అడిగి చూడటం మంచిది.

పాయింట్లు వాడేయకుండా మాత్రం క్లోజ్ చేయకండి. మూసిన రోజుతో అవీ పోతాయి. నా దగ్గర మిగిలిన వాటితో అమ్మకీ నాయనకీ రేణిగుంట నుంచి హైదరాబాదుకి టికెట్లు తీశాను, అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ కోసం. రైలు చాలు గదరా అన్నాడు నాయన. ఆటో పేమెంట్లు ఒక్కొక్కటే రెండో కార్డు మీదికి మార్చుకుంటూ వస్తున్నాను. కరెంటు బిల్లు, ఓటీటీ, టర్మ్ ఇన్సూరెన్సు అయిపోయాయి. ఫాస్టాగ్ ఆటో రీఛార్జ్ ఒకటి మిగిలింది. అది కూడా మార్చి, సోమవారం క్లోజర్ రిక్వెస్ట్ పెట్టి, ఆ నంబరు రాసి పెట్టుకుంటాను. బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ లెటర్ చేతికొచ్చాక, ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే సిబిల్ రిపోర్టు తీసి "క్లోజ్డ్" అని పడిందో లేదో చూడాలి.